ఏడో నంబరు చెవి

"జర కదలకు తాతా, ఒక్క నిమిషం," అంటూ స్వరూప ముసలాయన చెంప మీద చిన్న కాగితపు స్కేలు ఆనించింది. పన్నెండు మిల్లీమీటర్లు. పోయిన శనివారం పద్నాలుగు. ఫోన్ దగ్గరికి జరిపి, కళ్లూ ముక్కూ పడకుండా, మచ్చా స్కేలూ నంబరు చీటీ మాత్రమే పడేలా ఫొటో తీసింది. ముఖం పడకూడదన్నది రూలు. మనిషి ఎవరో తెలియకూడదట, మచ్చ ఒక్కటే తెలియాలట.

హుస్సేనీ ఆలంలోని ఆ గోదాము మొదటి అంతస్తులో ఫ్యాను తిరుగుతున్నదన్న మాటే గానీ గాలి లేదు. మే నెల. కింది కొట్లోంచి శొంఠి, కరక్కాయ, వస వాసనలు మెట్లెక్కి పైకొస్తున్నాయి. పొద్దున తొమ్మిదింటి నుంచి స్వరూప నిలబడే ఉంది. ఐదుగురివి అయ్యాయి, ఇంకా ఆరుగురు బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉన్నవాళ్లు కొందరు, ముఖాన బొల్లి మచ్చలున్నవాళ్లు కొందరు, ముప్పై నలభై ఏళ్లు రోడ్లేసి తోలు గరుకెక్కినవాళ్లు మిగిలినవాళ్లు. ఎండ తిన్నచోట వాళ్లకు పొలుసుల మచ్చలు లేచాయి. ఆ మచ్చలకు వాకుడు కాయల లేపనం రాయించి, తగ్గుతున్నదో లేదో పది నెలలుగా ఇక్కడ పరీక్ష చేస్తున్నారు. వచ్చినప్పుడల్లా మనిషికి మూడొందలు, ఒక పులిహోర పొట్లం.

"ఆరు," అని పిలిచింది స్వరూప. ఆరో నంబరు ఆమె వచ్చి కూర్చుంది, కొలిపించుకుని లేచింది. తర్వాతి అంకె కోసం స్వరూప నోరు అలవాటుగా తెరుచుకుంది. ఒక్క క్షణం అలాగే ఉండి, "ఎనిమిది" అంది.

ఏడో నంబరు ఇస్సాకు. మార్చిలో పోయాడు.

రెండు నెలలు దాటినా ఆమె నాలుక ఆ అంకె దగ్గర తడబడుతూనే ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, "మేడం, ఈ వారం నేను పాసా, ఫెయిలా?" అన్న గొంతు చెవుల్లో పడుతుంది. పదో క్లాసు తప్పి బడి మానేసిన మనిషి అతను. పరీక్ష అనగానే ఆ ఒక్క మాటే వచ్చేది. నలభై ఏళ్లొచ్చినా చిన్నపిల్లాడిలా కళ్లు చిట్లించి నవ్వుతూ ప్రతి శనివారం అదే అడిగేవాడు. "పాసే అన్నా, ఫస్టు క్లాసు" అనేది స్వరూప. ఊరికే అనడం కాదు, నమ్మి అనేది. ఇప్పుడు ఆటో ఎక్కితే డ్రైవరు చెవి కనిపిస్తుంది. ఇంట్లో మొగుడు టీ తాగుతుంటే ఆయన వైపు తిరిగి కూర్చోలేకపోతోంది. ఆయన చెవి వైపు చూడాలంటే భయం.

ఇస్సాకు పరీక్ష కోసం బయటి నుంచి వచ్చినవాడు కాదు. ఈ గోదాము డాబా మీదే ఎనిమిదేళ్లు పనిచేశాడు. మూలికల వ్యాపారంలో మూడు తరాల నుంచి ఉన్న జగదీశ్వర్ సేటు దగ్గర రోజుకు నాలుగొందల యాభై కూలి. పొద్దున తొమ్మిదింటికి టార్పాలిన్ పట్టాలు పరిచి కాయలూ వేర్లూ ఆరబోయడం, గంటకోసారి తిరగేయడం, సాయంత్రం ఐదింటికి ఎత్తడం. తల్లి కడుపులోంచే పాలలాంటి తెల్ల ఒంటితో వచ్చిన మనిషిని అన్నేళ్లు డాబా మీద నిలబెడితే ఏమవుతుందో అదే అయింది, ఎడమ చెవి అంచున మచ్చ లేచింది. సేటు చేస్తున్న లేపనం సరిగ్గా ఆ మచ్చకే. లేపనం కావాలంటే కాయలు ఎండాలి, కాయలు ఎండాలంటే ఇస్సాకు ఎండాలి. ఈ చక్రంలో ఎక్కడో ఏదో తప్పుందని ఇంత పెద్ద బజారులో ఒక్కరికీ తట్టలేదు, స్వరూపతో సహా.

మొదటి నాలుగు వారాలు లేపనం మచ్చను ఎర్రగా మండించింది. ఐదో వారానికి పైన నల్లగా పొక్కు కట్టింది. పొక్కు మీద స్కేలు ఆనదు, కొలత రాదు. "ఫొటోలు గిట్ల మసక మసక పంపితే ముంబై కంపెనీవాళ్లు నవ్వుతరు స్వరూపా," అని సేటు విసుక్కున్నాడు. అప్పుడు స్వరూపకు ఒక ఉపాయం తోచింది. నర్సింగ్ హోములో ఆయాగా ఏడేళ్లు పుండ్లకు కట్లు కట్టిన అనుభవం ఆమెది. "శనివారం పొద్దున వేడి నీళ్లతోని నానబెట్టి పొక్కు తీసేసి రా అన్నా, ఫొటో మంచిగొస్తది," అంది. ఆ మాట సేటు చెప్పమనలేదు, ఫొటోలు చూసే డాక్టరు చెప్పమనలేదు. తనే చెప్పింది. అంతకన్నా ఘోరం, పరీక్ష మొదట్లో ఆ డాక్టరు రాసిచ్చిన కాగితంలో పొక్కును ముట్టుకోవద్దని, రక్తం కారినా గట్టిపడినా వెంటనే ఆపి ముక్క తీసి పరీక్షకు పంపాలని రాసి ఉంది. ఆ కాగితం ఆమె మొదటి రోజే చదివింది. చదివి మడిచి సొరుగులో పెట్టింది.

ఆ తర్వాత ఇస్సాకు ఫొటోలు ఎంత శుభ్రంగా వచ్చేవో చెప్పలేం. గులాబీ రంగు చర్మం, మచ్చ ఆనవాలు లేదు. తొమ్మిదో వారం ఫొటో చూసి సేటు స్వయంగా మిఠాయి తెప్పించాడు. పైన పొక్కు లేకపోవడమంటే లోపల జబ్బు లేకపోవడమేనని అందరూ అనుకున్నారు. దసరా తర్వాత చెవి కింద మెడలో ఒక గడ్డ కనిపించింది, చింతగింజంత. స్వరూప వెళ్లి చెబితే సేటు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "గడ్డ మన పరీక్షల రాదు. మనది మచ్చ వరకే," అన్నాడు. ఆమె నింపే కాగితం మీద గడ్డ గురించి రాయడానికి గడి కూడా లేదు. రాయలేదు. పెద్దాసుపత్రిలో చూపించుకునే సరికి డిసెంబరు. అక్కడి డాక్టరమ్మ, చెవి మీది మచ్చ క్యాన్సరని, అదే లోపల్లోపల పాకి మెడలోకి దిగిందని చెప్పిందట.

పోయిన నెల, చావు తర్వాత ప్రార్థన కోసం పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లినప్పుడు ఇస్సాకు తల్లి మాణిక్యమ్మ ఆమె చేయి పట్టుకుని, "మా పోరనివి నీ కాడ మస్తు ఫొటోలున్నయట గద బిడ్డా, ఒకటియ్యి, కట్టించుకుంట," అని అడిగింది. ఇరవై ఫొటోలున్నాయి. ఇరవైలోనూ చెవి ఉంది, మనిషి లేడు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక స్వరూప ఏదో గొణిగి వచ్చేసింది. అక్కడ బల్ల మీద పూలదండ వేసిన ఫొటో ఆధార్ కార్డు నుంచి పెద్దది చేయించినది. అందులో ఇస్సాకు ఎవరో కొట్టబోతే బెదిరినట్టు చూస్తున్నాడు.

పన్నెండో నంబరు ఫొటో అయ్యేసరికి ఒంటిగంట. కింది నుంచి సేటు పిలుస్తున్నాడని కబురొచ్చింది.

జగదీశ్వర్ చెడ్డవాడని చెప్పడానికి ఎవరి దగ్గరా దాఖలా లేదు. కోపంగా మాట్లాడడు, కూలి ఆపడు. ఇస్సాకు పోయినప్పుడు పెట్టె ఖర్చు, సమాధి తవ్వించిన ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. గల్లా పక్కన కూర్చుని ఆయన రెండు కాగితాలు ముందుకు తోశాడు.

"సోమారం ముంబైవాళ్లు వస్తున్నరు. ఫార్ములా కొంటరు. అన్నిట్ల మంచి ఫొటోలు ఏడో నంబరువే. కాని మనిషి లేడు గద, రేపు ఎవడన్న లొల్లి జేస్తడు. అందుకని వాళ్లమ్మతోని ఈ కాయితం మీద ఏలుముద్ర ఏపించుకరా. సాక్షి సంతకం నువ్వు పెట్టు."

స్వరూప కాగితం చేతిలోకి తీసుకుంది. "ఇంకోటేంది సేటూ?"

"అది ఇస్సాకు చెల్లె బేబీకి. మూతి మీద మచ్చ లేస్తున్నది, చూసినవా? ఏడో నంబరు ఖాళీగనే ఉన్నది, ఆ నంబరే ఇద్దాం. తెల్లోళ్ల మీదనే మన మందు మంచిగ పన్జేస్తది." ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. "డబ్బా ముందే ఇచ్చిన, రెండు వారాలాయె. ఫికర్ జెయ్యకు, వాళ్ల అన్నకు జేసినట్టే మనం జేస్తం."

"వాళ్ల అన్నకు జేసినట్టే" అన్న మాట విన్నాక స్వరూప ఏదో అనాలనుకుంది. నెలకు పదిహేను వేల జీతం, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కూతురు రచన, ఉప్పుగూడలో ఇంటి కిరాయి, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "సరే సేటూ," అంది. అని తనను తాను అసహ్యించుకుంటూ డాబా మెట్లెక్కింది.

డాబా మీద ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. పసుపు పచ్చని వాకుడు కాయలు పట్టాల మీద పరుచుకుని ఉన్నాయి. బేబీ ముక్కు దాకా చున్నీ చుట్టుకుని, చెక్క పారతో వాటిని తిరగేస్తోంది. ఇరవయ్యారేళ్లది. ఒళ్లు అన్నలాగే తెలుపు, కళ్లు ఒకచోట నిలవవు. మొన్నమొన్నటి దాకా ఇంట్లో నీడపట్టున అగరుబత్తీలు చుట్టేది. చూపు అక్కర్లేని పని, వేళ్లకు తెలిస్తే చాలు. అన్న పోయాక ఆ డబ్బులు ఇద్దరికీ చాలక, ఏప్రిల్ నుంచి అన్న పనిలోకే ఎక్కింది. ఆడమనిషని కూలి మూడొందల ఎనభై.

"చున్నీ తియ్యవే, చూస్త," అంది స్వరూప.

బేబీ చున్నీ జరిపింది. పై పెదవి పక్కన, వేలి గోరంత చోట, నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

"మండుతున్నదా?"

"మండుతదక్కా. అన్న గుడ మండుతదనెటోడు, తగ్గేముందు అట్లనే ఉంటదని సేటు చెప్పిండు." బేబీ నవ్వబోయి, పొక్కు లాగి, ఆగిపోయింది. "పోయిన శనారం అమ్మ తీసింది, మల్లొచ్చింది. ఇయ్యాల మల్ల తీస్తదంట, నువ్వు ఫొటో తీస్తవ్ గద."

"అమ్మ తీస్తదా?"

"అమ్మనే. అన్నది గుడ అమ్మనే తీసెటిది. వానికి కనవడకపోయేది గదక్కా, చెవు మీదిది."

స్వరూప పిట్టగోడ పట్టుకుంది. రాయి కాలుతోంది, చేయి తీయాలని కూడా తోచలేదు. ఇన్నాళ్లూ తన కళ్లలో తిరుగుతున్నది ఇస్సాకు ఒక్కడే, అద్దం ముందు నిలబడి తన పొక్కు తనే గిల్లుకుంటున్నట్టు. తన చెవి తనకు కనిపించదని, సగం చూపు కూడా లేనివాడికి అసలే కనిపించదని, ఆ పని చేయడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలని ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఆ చెయ్యి కన్నతల్లిది.

"పార పక్కన పెట్టు, ఇంటికి పోదాం," అంది.

"ఐదు గాలేదక్కా, పూట కూలి కోస్తరు."

"కొయ్యనీ."

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో మాణిక్యమ్మది ఒక్క గది, మీద రేకులు. రైలు పోతే గిన్నెలు కదులుతాయి. ఆమె బడిలో ఊడ్చే పనిచేసి మానేసిన మనిషి, మోకాళ్లు పోయాయి. స్వరూపను చూడగానే స్టూలు తుడిచి వేసింది.

"కూసో బిడ్డా. ఎండల పడి వచ్చినవ్. సేటు ఫోన్ జేసిండు, నువ్వొస్తవని." లేచి స్టవ్ మీది గిన్నె దించింది. నీళ్లు ముందే కాచి పెట్టుకుంది. పక్కన ఉతికిన తెల్ల గుడ్డ ముక్క, మడతపెట్టి. "బేబీ, ఇట్ల వెల్తురుకు రా. జల్ది నానబెడ్త, అక్కకు మల్ల ఆలస్యమైతది."

బేబీ గడప దగ్గర కూర్చుని ముఖం ఎత్తింది. తల్లి గుడ్డ ముంచి, పిండి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, అప్పుడు కూతురి పెదవి పక్కన అద్దింది. ఆ పనిలో ఎంత ఒడుపుందో, ఎంత ప్రేముందో స్వరూప చూస్తూ కూర్చుంది.

"కాయితమేదో తెచ్చినవంట గద బిడ్డా? సదువు, ఇంట."

స్వరూప కాగితం విప్పింది. "నా కుమారుడు ఇస్సాకు, పైన చెప్పిన లేపనమును తన ఇష్టపూర్వకముగా వాడినాడు..."

"నిజమే. ఇష్టంగనే వాడిండు." మాణిక్యమ్మ గుడ్డ మళ్లీ ముంచింది. "మూడొందలొస్తున్నయని గాదు బిడ్డా. చెవు మంచిగైతే పిల్లనిస్తరేమో అనుకున్నడు పిచ్చోడు. నలభై ఏండ్లొచ్చినంక. నాకు జెప్పలే గని, నాకు ఎరుకనే."

స్వరూప కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుని చదివింది. "అతని చెవి మీది మచ్చ పూర్తిగా నయమైనది. అతని మరణమునకు..."

మాణిక్యమ్మ గుడ్డ తీసింది. నానిన పొక్కు అంచు కొద్దిగా లేచింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, గోటితో ఆ అంచు అందుకోబోయింది. బేబీ కళ్లు గట్టిగా మూసుకుంది.

"పీకకమ్మా!"

స్వరూప ఎప్పుడు స్టూలు మీంచి లేచిందో, ఆ ముసలి మణికట్టు ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. కాగితం నీళ్ల గిన్నెలో పడింది.

"ఏమాయెనే? ఏమైంది?"

"పీకొద్దు. పొక్కు తియ్యొద్దు. ఆ మందు రాయొద్దు."

"నువ్వే చెప్పినవ్ గదనే." మాణిక్యమ్మ గొంతులో కోపం లేదు, అయోమయం మాత్రమే ఉంది. "వేడి నీళ్లతోని నానబెట్టి తియ్యమని నువ్వే చెప్పినవని వాడన్నడు."

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన." ఇన్నాళ్లుగా లోపల కుళ్లుతున్నదంతా ఒక్కసారిగా నోటికొచ్చింది. "పొక్కు ముట్టొద్దని కాయితంల ఉండె. నేను సదివిన. సదివి గుడ చెప్పిన, ఫొటో మంచిగ రావాలెనని. పైన తీసేస్తుంటే కింద ఏముందో ఎవ్వరికి కనవడలే. నాకు కనవడలే, డాక్టర్‌కి కనవడలే. మచ్చ పోయిందనుకున్నం. అది లోపలికి పోయింది. గడ్డ లేసిందని తెలిసినంక గుడ నేను రాయలే. ముందే తెలిస్తే చెవు కోసేసి అయినా మనిషిని నిలబెట్టెటోళ్లేమో అమ్మా."

బయట రైలు వచ్చింది. గిన్నెలు గలగలలాడి, ఊరుకున్నాయి.

"నొస్తున్నదే అమ్మా అనెటోడు," అంది మాణిక్యమ్మ చివరికి, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఊకోరా, ఫొటో మంచిగ రావాలె, ఆ అక్క పాసనాలె అంటుంటి. తల ఒళ్లె పెట్టుకోని తీస్తుంటి. రక్తమొస్తే పసుపు అద్ది పంపుతుంటి."

"నువ్వు తెలువక జేసినవమ్మా. తెలిసి చెప్పింది నేను."

మాణిక్యమ్మ ఆ మాట విన్నట్టు లేదు. నీళ్లలో తేలుతున్న కాగితం వైపు చూసింది. సిరా నీలంగా కరుగుతోంది. "గిది ముద్ర కోసమా?"

"అవును."

"నేను ఎయ్య."

"ఎయ్యకు. నేను గుడ సంతకం పెట్ట," అంది స్వరూప. అన్నాక, రెండు నెలల్లో మొదటిసారి ఛాతీ నిండా ఊపిరి అందింది. దాన్ని పీల్చుకోవడానికి కూడా సిగ్గేసింది.

"సోమారం మమ్ముల పెద్దాసుపత్రికి తోల్కపో," అంది మాణిక్యమ్మ. గొంతు పొడిగా, గట్టిగా ఉంది. "బేబీ మూతి సూపియ్యాలె. ఇప్పుడు నా ముంగట ఏం చెప్పినవో గదంత ఆ డాక్టరమ్మ ముంగట చెప్పు. రాయించు. ఆ మిగిలినోళ్లందరికి గుడ చెప్పు, వాళ్ల ఇండ్లల్ల గుడ ఎవరో ఒకలు తీస్తుంటరు."

స్వరూప తలూపింది. బెంచీ మీది పదకొండు మంది కళ్ల ముందుకొచ్చారు. పదకొండు మందికీ తను ఇదే ఉపాయం చెప్పింది. సోమవారం దాకా ఆగడానికి లేదు, ఇవాళే పోవాలి, ఒక్కొక్క ఇంటికీ.

"చెప్త. ఇప్పుడే పోత."

"పో. నువ్వు చెడ్డదానివి గావు బిడ్డా. గని ఆ తర్వాత మా ఇంటికి రాకు. నిన్ను జూస్తె నాకు వాని నొప్పి ఇనవడ్తది."

స్వరూప గడప దాటి చెప్పులేసుకుంది. వెనక బేబీ లేచి, గిన్నెలోని నీళ్లు మోరీలో పారబోసి, గుడ్డ ముక్క పొయ్యి పక్కన పడేసి, తల్లి ముందుకొచ్చి కూర్చుంది. మాణిక్యమ్మ గోడకు ఆనుకుని ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, ఒడిలో దాచుకుంది.

"అమ్మా, చేతులియ్యే," అంది బేబీ.

మాణిక్యమ్మ ఇవ్వలేదు. బేబీ కొంగు పట్టుకుని మెల్లగా లాగింది. లాగిన కొద్దీ ఆమె చేతుల్ని ఇంకా లోపలికి ముడుచుకుంది.